మన రేడియో బృందానికి విజ్ఞాన సర్వస్వంలో చోటుందా?

స్వర్ణోత్సవానికి ఏమేం చేయాలో అనుకుంటున్న రోజుల్లో మన మిత్రులు కొందరు నాకొక పని అప్పగించారు. "నువ్వు తెలుగు వికీపీడియాలో రాస్తుంటావు కదా, మన బడి రేడియో బృందం మీద అక్కడొక పేజీ పెట్టు. ఉత్సవం రోజు తెర మీద అందరికీ చూపిద్దాం" అన్నారు. వినడానికి చిన్న పనే. కానీ ఆ పేజీ పెట్టవచ్చా, పెట్టకూడదా అన్నది తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఏం తేల్చుకున్నానో, ఎందుకలా తేల్చుకున్నానో మన పూర్వ విద్యార్థులకూ గురువులకూ చెప్పుకోవడం నా బాధ్యత అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1990 తర్వాత మన బడిలో చదివినవారికి ఆ బృందం సంగతి తెలిసే అవకాశం లేదు. మా రోజుల్లో నిజాంపేట ఒక పల్లె. కూకట్‌పల్లి వైపు నుంచి వచ్చే దారికి అటూ ఇటూ పొలాలు, ద్రాక్ష తోటలు ఉండేవి. మా సైన్స్ సారు దగ్గర ఒక ట్రాన్సిస్టర్ రేడియో ఉండేది. చీకటి పడ్డాక ఎనిమిది పది మంది పిల్లలం ఆయన ఇంటి అరుగు మీద చేరేవాళ్లం. వేపచెట్టుకు కట్టిన రాగి తీగే మా ఏరియల్. పాటల కోసమో నాటికల కోసమో కాదు, ఎంత దూరపు స్టేషను అందుతుందో చూడడానికే ముల్లు తిప్పేవాళ్లం. దానికొక పేరుందనీ, ప్రపంచమంతటా ఆ పని చేసేవాళ్లు ఉన్నారనీ సారు చెబితేనే తెలిసింది. ఆ అభిరుచిని డీఎక్సింగ్ అంటారు. తంతివారి సంకేత భాషలో 'డీఎక్స్' అంటే దూరం.

దూరపు స్టేషను ఎలా అందుతుందో సారు నేల మీద సుద్దముక్కతో గీసి చెప్పేవారు. షార్ట్ వేవ్ తరంగాలు పైకి వెళ్లి, అయనోస్ఫియర్ అనే పొరను తాకి, వంగి మళ్లీ భూమికి దిగుతాయి. పగటిపూట ఆ పొర కింది భాగం 49, 41 మీటర్ల బ్యాండ్ల తరంగాలను చాలావరకు మింగేస్తుంది. పొద్దు గూకాక ఆ కింది భాగం పలచబడిపోతుంది కనుక ఖండాలు దాటి గొంతులు వినిపిస్తాయి. సూర్యుడి మీద మచ్చలు దాదాపు పదకొండేళ్లకొకసారి పెరిగి తరుగుతాయనీ, దాన్నిబట్టి రేడియో అందే తీరు మారుతుందనీ మేం పుస్తకంలో కన్నా ముందు ఆ అరుగు మీదే నేర్చుకున్నాం. మన టైము సాయంత్రం ఏడున్నరయితే గ్రీనిచ్‌లో మధ్యాహ్నం రెండు అన్న లెక్క కూడా అక్కడ వచ్చిందే. కరెంటు పోయిన రాత్రులు మాకు పండగ. చుట్టుపక్కల మోటార్ల రొద ఉండదు కనుక సిగ్నలు తేటగా వచ్చేది.

విన్నంత మాత్రాన పని అయిపోయేది కాదు. తేదీ, గ్రీనిచ్ టైము, ఫ్రీక్వెన్సీ, కార్యక్రమంలో ఏం వచ్చిందీ, సిగ్నలు ఎలా ఉందీ అన్నీ నోటుబుక్కులో ఎక్కించాలి. సిగ్నలు నాణ్యతకు సిన్పో అనే కొలత ఉంది. సిగ్నలు బలం, పక్క స్టేషన్ల అడ్డంకి, గరగర, హెచ్చుతగ్గులు, మొత్తం మీద ఎలా ఉందన్నది, ఈ ఐదింటికీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. ఐదుకు ఐదూ ఐదులే వస్తే గొప్ప. ఆ వివరాలన్నీ ఉత్తరంగా రాసి స్టేషనుకు పంపితే, వాళ్లు తమ రికార్డుతో సరిచూసుకుని, సరిపోతే ఒక కార్డు పంపుతారు. దాన్ని క్యూఎస్ఎల్ కార్డు అంటారు. 'నీకు అందినట్టు మేం ఒప్పుకుంటున్నాం' అని దాని అర్థం. జవాబుకు తపాలా ఖర్చు పెట్టుకోవడానికి అంతర్జాతీయ జవాబు కూపన్లు ఉండేవి. వాటిని ప్రపంచ తపాలా సంఘం 1906లో ప్రవేశపెట్టింది. మా దగ్గర కూపన్లకు డబ్బులుండేవి కావు. అయినా చాలా స్టేషన్లు కార్డులు పంపేవి.

సారు ఒక నియమం పెట్టారు. "నేను విన్నాను సార్" అంటే లెక్కలోకి రాదు. కార్డు వస్తేనే లెక్క. ఈ నియమం గుర్తు పెట్టుకోండి. నా నిర్ణయం చివరికి దీని మీదే నిలిచింది.

ఇక విజ్ఞాన సర్వస్వం సంగతి. ఎవరికి, దేనికి అందులో చోటివ్వాలన్న ప్రశ్న వికీపీడియాతో పుట్టింది కాదు. తెలుగులో ఆ పని మొదట తలకెత్తుకున్నవారు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడడం వెనుక ఉన్నవారిలో ఆయన ముఖ్యులు. తర్వాత మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి మూడు సంపుటాలు తెచ్చి, పని పూర్తి కాకుండానే 1923లో కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ పనిని మళ్లీ చేపట్టారు. స్వాతంత్య్రం వచ్చాక తెలుగు భాషా సమితి మద్రాసు నుంచి విజ్ఞాన సర్వస్వ సంపుటాలు తెచ్చింది. హైదరాబాదులో ఖండవల్లి లక్ష్మీరంజనం గారి ఆధ్వర్యంలో సంగ్రహాంధ్ర విజ్ఞానకోశం వెలువడింది. ఆ సంపుటాలన్నిటికీ ఉన్న హద్దు ఒకటే: కాగితం, అచ్చుకూలి. ఏ విషయం ఉంచాలో, ఏది వదిలెయ్యాలో సంపాదకులే తేల్చేవారు. వారి పాండిత్యం మీద పాఠకులకు నమ్మకం ఉండేది.

2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైన వికీపీడియాకు అటువంటి సంపాదకులు లేరు. వెన్న నాగార్జున గారి చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. తొలి రోజుల్లో కంప్యూటరులో తెలుగు టైపు చేయడమే ఒక యాతన. 2006లో వీవెన్ గారు 'లేఖిని' తయారుచేశాక మామూలు కీబోర్డుతో తెలుగు రాయడం తేలికైంది. సైబర్ టవర్స్ చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేస్తూ సెలవు రోజుల్లో తెలుగు వికీలో రాసినవాళ్లు ఎందరో. ఈ రోజు అక్కడ లక్షకు పైగా వ్యాసాలున్నాయి. పదేళ్ల పండుగను 2014 ఫిబ్రవరిలో విజయవాడలో జరుపుకున్నారు. అందులో ఇచ్చిన పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరే పెట్టారు.

ఎవరైనా రాయవచ్చు అన్నప్పుడు, రాసింది నిజమని ఎవరు చెప్పాలి? నిజాంపేటలో కూర్చుని నేను రాసిన వాక్యాన్ని న్యూజెర్సీలో ఉన్న తెలుగాయన ఎందుకు నమ్మాలి? అందుకని వికీపీడియా ఒక కట్టుబాటు పెట్టుకుంది. రాసేవారి పాండిత్యాన్ని, అనుభవాన్ని, మంచితనాన్ని అది లెక్కలోకి తీసుకోదు. ఒక విషయానికి విడిగా వ్యాసం ఉండాలంటే, ఆ విషయంతో సంబంధం లేనివాళ్లు, నమ్మదగిన చోట, నాలుగు మాటలతో సరిపెట్టకుండా దాని గురించి రాసి ఉండాలి. దీన్నే విషయ ప్రాముఖ్యత అంటారు. మాట కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. ప్రాముఖ్యత అంటే గొప్పతనం అనుకుని చాలామంది నొచ్చుకుంటారు. మా అమ్మ చేసే సేవ, మా ఊరి జాతర, మా బడి గొప్పవి కావా అని అడుగుతారు. అక్కడ తూచేది గొప్పతనాన్ని కాదు. బయటివాళ్లు రాసిన ఆధారం ఉందా, లేదా అన్నదే ప్రశ్న. మా సారు నియమం కూడా సరిగ్గా ఇదే. నేను విన్నానంటే చాలదు, అవతలి నుంచి కార్డు రావాలి.

ఈ కొలబద్దతో మన విషయాన్ని మూడు మెట్లుగా చూశాను.

మొదటి మెట్టు హామ్ రేడియో. ఇది డీఎక్సింగ్‌కు అన్నలాంటిది. వినడమే కాదు, ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని, సొంత కాల్ సైన్‌తో మాట్లాడతారు. రాజీవ్ గాంధీకి వీయూ2ఆర్‌జీ అన్న కాల్ సైన్ ఉండేది. మన హైదరాబాదులో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పనిచేస్తోంది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో ఒక బృందంతో అండమాన్ వెళ్లి వీయూ4ఆర్‌బీఐ అన్న సంకేతంతో ప్రసారం మొదలుపెట్టారు. 1987 తర్వాత ఆ దీవుల నుంచి హామ్ గొంతు వినబడడం అదే మొదలు కావడంతో ప్రపంచమంతటా హామ్‌లు ఆ సిగ్నలు కోసం కాచుకుని ఉన్నారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయిన వేళ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న ఆ అభిరుచి బృందమే బయటి ప్రపంచానికి కబుర్లు అందించింది. దేశవిదేశాల పత్రికలు దీని గురించి రాశాయి. హామ్ రేడియోకు చోటుందా అన్న ప్రశ్నే అక్కర్లేదు.

రెండో మెట్టు డీఎక్సింగ్. వినేవాళ్ల అభిరుచి. దీనికి సునామీ నాటి ఘనత లేదు. విన్నవాడు ఎవరి ప్రాణమూ కాపాడలేదు. అయినా బయటి ఆధారాలు ఉన్నాయి. ప్రపంచ రేడియో స్టేషన్ల వివరాలతో వరల్డ్ రేడియో టీవీ హ్యాండ్‌బుక్ 1947 నుంచి వచ్చింది. అమెరికాలో జెరోమ్ బెర్గ్ షార్ట్ వేవ్ శ్రోతల చరిత్రనే పుస్తకాలుగా రాశారు, మొదటిది 1999లో వెలువడింది. శ్రోతల క్యూఎస్ఎల్ కార్డులను పోగుచేసి భద్రపరచడానికి అక్కడ 1986లో ఒక సంఘం ఏర్పడింది. ఆ కార్డులు మేరీల్యాండ్ విశ్వవిద్యాలయానికి చేరాయి. వియన్నాలో రేడియో పత్రాల కోసమే ఒక భాండాగారం ఉంది. కనుక డీఎక్సింగ్ మీద తెలుగులో ఒక వ్యాసం ఉండవచ్చు, ఉండాలి కూడా. అది ఎవరికీ తెలియని అభిరుచి కావచ్చు. తెలియకపోవడం చోటివ్వకపోవడానికి కారణం కాదు. తెలియనివి తెలుసుకోవడానికే కదా విజ్ఞాన సర్వస్వం.

మూడో మెట్టు మన బడి బృందం. దీని గురించి నాకు తెలిసినంత మరెవరికీ తెలియదు, చిక్కంతా అదే. ఏ పత్రికా రాయలేదు, ఏ పుస్తకంలోనూ పేరు లేదు. ఉన్నవి మా జ్ఞాపకాలు, సారు లాగ్ బుక్కులు నాలుగు, మిగిలిన కొన్ని కార్డులు. పైగా నేను ఆ బృందంలో ఒకణ్ని. తన గురించి తానే, తనవాళ్ల గురించి తానే రాయడాన్ని వికీపీడియా ప్రోత్సహించదు. రేపు ఎవరైనా 'ఆధారం ఏది?' అని అడిగితే నేను చూపించగలిగేది నా నోటిమాట ఒక్కటే. అడిగినవారు ఆ పేజీని తొలగించాలని ప్రతిపాదిస్తే, వారి స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

ఇది న్యాయమేనా అని మిత్రులు అడిగారు. నేనూ అడుక్కున్నాను. అచ్చులోకి ఎక్కినవారికే చోటు అంటే, అచ్చు ఎవరి చేతిలో ఉంటుందో వారికే చోటు. నిజాం కాలంలో 1935లో మొదలై, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిన దక్కన్ రేడియోకు చరిత్ర ఉంది. దాన్ని విన్నవాళ్లకు లేదు. రేడియో సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఎందరికో గుర్తుంది. ఆమెకు ఉత్తరాలు రాసిన వేలాది శ్రోతల పేర్లు ఎక్కడా లేవు. పల్లెల్లో ఆడే ఆటలది కూడా ఇదే పరిస్థితి. చిర్రగోనె, వామనగుంటలు ఆడనివాళ్లు మా తరంలో లేరు, వాటి మీద రాసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఈ వాదన పెద్ద స్థాయిలోనే జరిగింది. వికీమీడియా ఫౌండేషన్‌కు సలహాదారుగా ఉన్న అచల్ ప్రభాల 2011లో ఒక ప్రయత్నం చేశారు. పుస్తకాల్లో లేని విషయాలకు, తెలిసినవారి మాటలను రికార్డు చేసి వాటినే ఆధారంగా చూపవచ్చా అన్నది ఆయన ప్రశ్న. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో చేసి చూశారు. అందులో కేరళ పిల్లలు ఆడే డబ్బకళి అనే ఆట ఒకటి. ఆ ఏడాది ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ దీని మీద కథనం వేసింది. రికార్డు చేసిన నోటిమాటను ఆధారంగా ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు. అడ్డు చెప్పినవారి భయం నాకు అర్థమవుతుంది. నోటిమాటకు తలుపు తీస్తే సారు లాంటివారి నిజాలతో పాటు, తాతకు లేని బిరుదులు తగిలించేవారి కథలూ లోపలికి వస్తాయి. అయితే ఒక సంగతి గమనించండి. పెద్ద పత్రిక రాసింది కనుక, అప్పటిదాకా ఏ పత్రికకూ పట్టని ఆ పిల్లల ఆటకు ఇప్పుడు అచ్చులో ఒక ఆధారం ఉంది.

మన నేల మీద దీనికన్నా పాత ఉదాహరణ ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్నట్టు ముడుంబై రాఘవాచార్యులు గారు రాస్తే, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు దానికి జవాబుగా ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. ఉన్నారు, ఉన్నారు అని వాదించే బదులు పేర్లు, ఊళ్లు, రచనలు పోగుచేసి జనం ముందు పెట్టారు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ అనడానికి ఎవరికీ వీల్లేకుండా పోయింది. ఆయనే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చి, రాజుల యుద్ధాలను పక్కనపెట్టి మామూలు జనం తిండి, బట్ట, ఆటపాటలను చరిత్రలోకి ఎక్కించారు. 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది.

దీన్నిబట్టి నేను తేల్చుకున్నది ఇది. మన బృందం పేరుతో వికీపీడియాలో పేజీ పెట్టను. డీఎక్సింగ్ మీద ఒక మంచి వ్యాసం తెలుగులో రాస్తాను. అందులో మన బడి పేరు ఉండదు. విజ్ఞాన సర్వస్వం చరిత్రకు చివరి మెట్టు, మొదటి మెట్టు కాదు. మొదటి మెట్టు ఇటువంటి సంచికలే. ఇది మన గురించి మనమే రాసుకున్నది కనుక దీన్నొక్కదాన్నే ఆధారంగా చూపి పేజీ పెట్టలేం. కానీ రేపు ఒక పరిశోధక విద్యార్థో, పత్రికా విలేకరో హైదరాబాదు శివార్లలో రేడియో శ్రోతల మీద రాయాలనుకుంటే, మొదలుపెట్టడానికి వారికొక కాగితం ఉంటుంది. వారు రాసింది బయటివారి మాట అవుతుంది. మనకు రావలసిన కార్డు అది.

సారు పోయి చాలా ఏళ్లయింది. లాగ్ బుక్కుల కోసం వెళ్లినప్పుడు అమ్మగారు నన్నొక మాట అడిగారు. "సారు పేరు గూగుల్ల కొడితె వస్తదా బిడ్డా?" లేదని చెప్పడం నాకు తేలిక కాలేదు. "ఇప్పుడే రాదమ్మా. ముందుగాల మన బడి పుస్తకంల అచ్చయితది" అన్నాను. ఆమె లోపలికి వెళ్లి, ట్రంకు పెట్టెలో తువ్వాలులో చుట్టిన నాలుగు బుక్కులూ తెచ్చి నా చేతిలో పెట్టారు. కొన్ని పేజీల అంచులు చెదలు తినేశాయి. తేదీలు మాత్రం చదవగలిగేలా ఉన్నాయి.

ఆలస్యం చేయడానికి వీల్లేని పని ఇది. మేం విన్న స్టేషన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. రేడియో ఆస్ట్రేలియా షార్ట్ వేవ్ 2017 జనవరి 31న, బీబీసీ హిందీ షార్ట్ వేవ్ 2020 జనవరి 31న మూగబోయాయి. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిసి నగరపాలక సంస్థ అయ్యాయి. వేపచెట్టు ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంటు ఉంది. ఈ ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఛార్జర్ల మధ్య పాత రేడియో తిప్పితే గరగర తప్ప ఏమీ వినబడదు. మళ్లీ చేసి చూపించగలిగే అభిరుచి కాదిది. మిగిలింది కాగితమే.

కనుక ఆ రోజుల్లో అరుగు మీద కూర్చున్న మిత్రులందరికీ నా మనవి. మీ ఇళ్లలో అటకల మీద, పాత సూట్‌కేసుల్లో క్యూఎస్ఎల్ కార్డులు ఉంటే బయటికి తీయండి. వెనుక స్టేషను పేరు, తేదీ, ఎవరికి వచ్చిందో పెన్సిలుతో రాయండి, పెన్నుతో వద్దు. ఫోటో ముందూ వెనుకా తీయండి. మీకు గుర్తున్నది ఒక పేజీ రాయండి. ఎవరు చెప్పగా విన్నదో, స్వయంగా చూసిందో విడదీసి రాయండి. ఒకరికి గుర్తున్న ఏడాది మరొకరికి తేడాగా ఉంటే రెండూ ఉంచుదాం, సర్దిచెప్పవద్దు. సంఘం తరఫున వాటన్నిటికీ ఒక పట్టిక తయారుచేసి, ఒక ప్రతి మన బడి గ్రంథాలయంలో, మరొకటి నగరంలోని ఏదైనా పెద్ద గ్రంథాలయంలో పెట్టిద్దాం. ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్న టీచర్లు ఒప్పుకుంటే, తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ లాగ్ బుక్కులు చూపించి, అయనోస్ఫియర్ పాఠం వాటితోనే చెప్పవచ్చు. లాగ్ బుక్కులు స్కాను చేసే పని నేను మొదలుపెట్టాను. మొదటిది పూర్తయింది.